సాఫ్ట్‌వేర్ మారినా గీత మారొద్దు

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవాళ్లకు అది ముక్తేశ్వరుడి క్షేత్రం. సిరొంచ పోయేవాళ్లకు వంతెన ఇవతలి ఊరు. భూమి కొలిచే సర్వేయరుకు మాత్రం అది రెండు అంకెలు. భూగోళాన్ని నిలువు పట్టీలుగా విడదీసి కొలిచే యూటీఎం పద్ధతిలో ఈ ప్రాంతం 44వ పట్టీలో పడుతుంది. ఆ లెక్కన కాళేశ్వరం తూర్పు విలువ దాదాపు 3,85,000 మీటర్లు, ఉత్తర విలువ దాదాపు 20,80,000 మీటర్లు. ఉత్తర విలువ అంటే భూమధ్యరేఖ నుంచి ఆ చోటుకున్న దూరం.

ఈ రెండంకెలున్న డ్రాయింగును ఒక ప్రోగ్రాములో గీసి మరో ప్రోగ్రాములో తెరిచామనుకుందాం. కొత్త ప్రోగ్రాము ఆ అంకెలను మీటర్లుగా కాక మిల్లీమీటర్లుగా తీసుకుంటే ఏమవుతుంది? ఇరవై లక్షల ఎనభై వేల మిల్లీమీటర్లంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు. అప్పుడు కాళేశ్వరం భూమధ్యరేఖకు రెండు కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రంలో ఉన్నట్టు లెక్క. అంకె ఒక్కటీ చెరగలేదు. గీత ఒక్కటీ చెదరలేదు. తెర మీద బొమ్మ ఎప్పటిలాగే కనిపిస్తుంది. చదివిన తీరు మారింది, దాంతో ఊరు సముద్రంలోకి పోయింది.

ఇంటి ప్లాన్లు, లేఅవుట్లు, కాలువల డ్రాయింగులు గీసేవాళ్లు ఒక ప్రోగ్రామును వదిలి మరో దానికి మారేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవలసింది ఇదే. కొత్త బటన్లు ఎక్కడున్నాయో నాలుగు రోజుల్లో తెలుస్తుంది. చేతివేగం నెల రెండు నెలల్లో వస్తుంది. పాత డ్రాయింగులోని కొలత కొత్త ప్రోగ్రాములోనూ అదే కొలతగా ఉందా అన్నది మాత్రం దానంతటది తెలియదు. మనం పని పెట్టుకుని చూడాలి. ఎలా చూడాలో, ఎక్కడ చూడాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఎందుకు మారాల్సి వస్తోంది

భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ లాంటి పట్టణాల్లో ప్లాన్లు గీసే చిన్న ఆఫీసులుంటాయి. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సో డిప్లొమానో చదివిన ఇద్దరు ముగ్గురు పిల్లలు. ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు ఇక్కడికే వస్తారు. ఒకప్పుడు ఈ పనంతా ట్రేసింగ్ పేపరు మీద సిరా పెన్నుతో, టీ స్క్వేరుతో సాగేది. అమోనియా వాసన కొట్టే నీలం ప్రింట్లు సైటుకు వెళ్లేవి. ఆ బల్లలన్నీ పోయి కంప్యూటర్లొచ్చాయి.

కంప్యూటర్ తెర మీద గీతలు గీసే విద్య కొత్తదేమీ కాదు. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవన్ సదర్‌లాండ్ అనే పరిశోధకుడు స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. తెర మీద కాంతి పెన్నుతో గీత గీస్తే కంప్యూటర్ దాన్ని గుర్తుపెట్టుకునేది. 1982లో ఆటోడెస్క్ కంపెనీ ఆటోక్యాడ్‌ను మార్కెట్లోకి తెచ్చాక ఈ పని పెద్ద యంత్రాల నుంచి బల్ల మీది కంప్యూటర్లకు దిగింది. మన దగ్గర ఆ పేరు ఎంతగా నాటుకుందంటే, పనికే ఆ పేరు స్థిరపడింది. ‘ఆటోక్యాడ్ నేర్చుకున్నాడు’ అంటే ‘డ్రాఫ్టింగ్ నేర్చుకున్నాడు’ అనే అర్థం.

మార్పు ఆలోచన మొదట డబ్బు దగ్గర పుడుతుంది. ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే కొత్త లైసెన్సుల అమ్మకాన్ని ఆటోడెస్క్ 2016లో ఆపేసింది. అప్పటినుంచి ఏడాదికింత అని అద్దె కట్టాలి. నెలకు పది ప్లాన్లు కూడా రాని ఆఫీసుకు ఇది బరువే. దాంతో కొందరు దొంగ కాపీలు వాడుతున్నారు. అది నేరం. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కాపీరైటు చట్టం 63బి సెక్షన్ ప్రకారం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పైగా అలాంటి కాపీలతో పాటు వైరస్‌లు వస్తే ఏళ్ల తరబడి చేసిన పని ఒక్క రాత్రిలో పోతుంది. ఈ భయం లేకుండా, భరించగలిగే ఖర్చులో పని చేసుకోవాలనుకోవడం మంచి ఆలోచనే.

దారులు చాలా ఉన్నాయి. బెల్జియంలో పుట్టిన బ్రిక్స్‌క్యాడ్, చైనా నుంచి వచ్చిన జడ్‌డబ్ల్యూక్యాడ్, జీస్టార్‌క్యాడ్, హైదరాబాద్ కేంద్రంగా తయారయ్యే యాక్ట్‌క్యాడ్, ఫ్రాన్స్ కంపెనీ దస్సో వారి డ్రాఫ్ట్‌సైట్ ఒక వరస. ఇవి చూపులోనూ నడకలోనూ ఆటోక్యాడ్‌కు దగ్గరగా ఉంటాయి. డబ్బు అడగని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇంకో వరస. అందులో లిబ్రేక్యాడ్ రెండు కొలతల (2డి) డ్రాయింగులకు, ఫ్రీక్యాడ్ మూడు కొలతల (3డి) నమూనాలకు పనికొస్తాయి. 2002లో మొదలైన ఫ్రీక్యాడ్ 2024 నవంబర్‌లో గానీ 1.0 వెర్షన్‌కు చేరలేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కంపెనీ ఉచితంగా ఇచ్చింది ఎప్పటికీ ఉచితంగానే ఉంటుందనుకోవద్దు. డ్రాఫ్ట్‌సైట్ 2010 నుంచి ఉచితంగా దొరికింది. 2019లో విండోస్ వాడేవాళ్లు డబ్బు కట్టక తప్పలేదు. దాన్ని నమ్ముకుని మారినవాళ్లు మళ్లీ మారాల్సి వచ్చింది. కాబట్టి మారేముందు ధర ఒక్కటే చూస్తే చాలదు. రేపు ఇక్కడినుంచి కూడా బయటపడాల్సి వస్తే ఫైళ్లు తేలిగ్గా వెంట వస్తాయా అని కూడా చూసుకోవాలి.

నక్ష వేరు, టిపన్ వేరు

డ్రాయింగు ఫైలు లోపల ఏముంటుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మన భూమి రికార్డులతోనే చెప్పుకోవచ్చు. తెలంగాణలో ఊరికి నక్ష ఉంటుంది, సర్వే నంబరుకు టిపన్ ఉంటుంది. నక్ష చూస్తే ఏ చేను పక్కన ఏ చేను ఉందో కనిపిస్తుంది. గట్టు తగాదా వచ్చినప్పుడు నక్ష ఒక్కటే సరిపోదు, టిపన్ తీయాలి. ఆధార గీత ఎక్కడ మొదలైంది, ఎన్ని కొలతలు పోయాక పక్కకు ఎంత జరిగితే మూల దొరుకుతుంది అనే వివరాలు అందులో ఉంటాయి. దాన్ని పట్టుకుని హద్దును మళ్లీ నేల మీద నిలబెట్టవచ్చు.

పీడీఎఫ్ ఫైలు నక్ష లాంటిది. ఆటోక్యాడ్ డ్రాయింగును దాచే డీడబ్ల్యూజీ ఫైలు టిపన్ లాంటిది. అందులో బొమ్మ ఉండదు, బొమ్మను మళ్లీ గీయడానికి కావలసిన వివరాల పట్టిక ఉంటుంది. ఈ బిందువు నుంచి ఆ బిందువుకు గీత. అది ‘గోడలు’ అనే లేయరులో ఉంది. రంగు ఇది, మందం ఇది. ఈ చోట తలుపు అనే బ్లాకు, ఇంత తిప్పి పెట్టాలి. ఇక్కడ ఈ అక్షరాలు, ఈ ఫాంటులో. ఫైలు తెరిచిన ప్రతిసారీ ప్రోగ్రాము ఆ పట్టిక చదివి బొమ్మను కొత్తగా గీస్తుంది.

అయితే డీడబ్ల్యూజీ ఆటోడెస్క్ సొంత లిపి. దాని రాత తీరును కంపెనీ బయటికి వెల్లడించలేదు. మిగతా కంపెనీలు ఒకటై 1998లో ఒక కూటమిగా ఏర్పడి ఆ లిపిని విప్పి చదవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు దాన్ని ఓపెన్ డిజైన్ అలయన్స్ అంటారు. ఇతర ప్రోగ్రాములు చాలావరకు డీడబ్ల్యూజీని చదవగలగడం వెనుక ఈ శ్రమ ఉంది. ఇంకో లిపి డీఎక్స్‌ఎఫ్. ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి డ్రాయింగు పంపడానికి ఆటోడెస్కే మొదటినుంచీ ఇచ్చి, రాత తీరును ప్రచురించిన లిపి ఇది. లిబ్రేక్యాడ్ భద్రపరిచేది డీఎక్స్‌ఎఫ్‌లోనే.

డీడబ్ల్యూజీలోనూ తరాలున్నాయి. మీ ఫైలు ఏ తరానిదో తెలుసుకోవాలంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర్థం కాని గుర్తులే కనిపిస్తాయి. మొదటి ఆరు అక్షరాలు మాత్రం చదవవచ్చు. ఏసీ1015 అని ఉంటే 2000 తరం, ఏసీ1018 అయితే 2004, ఏసీ1027 అయితే 2013, ఏసీ1032 అయితే 2018. చూశాక ఏమీ సేవ్ చేయకుండా మూసేయాలి. కొత్త ప్రోగ్రాము ఏ తరం దాకా చదువుతుందో, ఏ తరంలో రాస్తుందో ముందే తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి.

అడుగా, మీటరా

మొదటి ప్రమాదం కొలమానంలో ఉంది. చాలా డ్రాయింగుల్లో ‘10’ అని మాత్రమే ఉంటుంది. అది పది అడుగులా, పది మీటర్లా అన్నది గీసినవాడి మనసులో ఉంటుంది. ఫైలులో కొలమానం రాసే చోటు ఒకటి ఉన్నా చాలామంది దాన్ని ముట్టుకోరు. ఒకే ప్రోగ్రాములో, ఒకే ఆఫీసులో పని నడుస్తున్నంతకాలం ఆ ఖాళీతో ఇబ్బంది రాదు. మారిన రోజు వస్తుంది. కొత్త ప్రోగ్రాము ఆ ఖాళీని తన అలవాటు ప్రకారం నింపుకుంటుంది. తలుపు, కిటికీ, మంచం లాంటి బ్లాకులను తెచ్చి పెట్టినప్పుడు ఒకటి చీమంత, ఇంకోటి కొండంత కనిపిస్తే కారణం ఇదే.

చీమంత, కొండంత అయితే కంటికి తెలుస్తుంది. కంటికి తెలియని తేడా ఇంకా చెడ్డది. అడుగుల్లో రెండు రకాలున్నాయి. ఈనాడు అంతర్జాతీయంగా వాడే అడుగు కచ్చితంగా 0.3048 మీటర్లు. అమెరికా సర్వే అడుగు 1200ను 3937తో భాగిస్తే వచ్చే మీటర్లు. రెంటికీ తేడా పది లక్షల్లో రెండు వంతులే. ఇంటి ప్లానులో ఆ తేడా ఎన్నటికీ కనిపించదు. కానీ 20,80,000 మీటర్ల ఉత్తర విలువను ఒక రకం అడుగుల్లో రాసి ఇంకో రకంగా చదివితే నాలుగు మీటర్లకు పైగా జరుగుతుంది. చేను గట్టు పక్కవాడి చేలోకి పోవడానికి నాలుగు మీటర్లు చాలు. ప్రోగ్రాముల కొలమానాల పట్టికలో ఈ రెండు అడుగులూ పక్కపక్కనే ఉంటాయి. ఎంచుకునేటప్పుడు పేరు పూర్తిగా చదవాలి.

పెద్ద అంకెలతో ఇంకో చిక్కుంది. డీడబ్ల్యూజీ అంకెలను పదిహేను స్థానాల దాకా కచ్చితంగా దాచుకుంటుంది. కొన్ని మూడు కొలతల ప్రోగ్రాములు తెర మీద చూపేటప్పుడు ఏడు స్థానాలతోనే సరిపెడతాయి. ఇరవై లక్షల మీటర్ల దూరాన ఉన్న బిందువు అప్పుడు పన్నెండున్నర సెంటీమీటర్ల మెట్లు మెట్లుగానే కదలగలదు. కాలువ గట్టు వంకరటింకరగా వణుకుతున్నట్టు కనిపిస్తుంది. దీనికి విరుగుడు ఉంది. దగ్గరలోని ఒక గుర్తు బిందువును సున్నాగా పెట్టుకుని పని చేయాలి. ఎంత జరిపామో ఆ అంకెలను డ్రాయింగు మీదే రాసి ఉంచాలి. రాయకపోతే రేపు వచ్చేవాడికి ఆ ఊరు మళ్లీ దొరకదు.

కొత్త ప్రోగ్రామును నమ్మేముందు చేయదగ్గ చిన్న పరీక్ష ఒకటుంది. దీన్ని గుంట పరీక్ష అనుకుందాం. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, అంటే 1,089 చదరపు అడుగులు, 121 గజాలు. నలభై గుంటలు ఎకరం. పాత ప్రోగ్రాములో ఒక గుంట చతురస్రం గీసి సేవ్ చేయండి. కొత్తదానిలో తెరిచి వైశాల్యం అడగండి. 1,089 చదరపు అడుగులు అనాలి. మీటర్లలోకి మార్చి అడిగితే 101.17 చదరపు మీటర్లు అనాలి. వేరే ఏ జవాబొచ్చినా అక్కడే ఆగి కొలమానం సరిచేయాలి. గుంట దగ్గర తేలని లెక్క ఎకరాల దగ్గర తేలదు.

అక్షరాలు, గుర్తులు

రెండో ప్రమాదం అక్షరాల్లో ఉంది. ఆటోక్యాడ్ వాడే ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటులు గీతలతో చేసినవి, ఇతర చోట్ల వాడే ఫాంటుల్లాంటివి కావు. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే ప్రోగ్రాము తనకు తోచిన మరో ఫాంటు పెట్టుకుంటుంది. వెడల్పు మారుతుంది. గదిలో ఉండాల్సిన పేరు గోడ దాటి పోతుంది. అదైనా పర్వాలేదు. కడ్డీ వ్యాసాన్ని చూపే అడ్డగీత సున్నా గుర్తు, హెచ్చుతగ్గుల గుర్తు, డిగ్రీ గుర్తు లాంటివి పోయి ప్రశ్నార్థకాలు పడితే అసలు ప్రమాదం. పిల్లరులో 16 మిల్లీమీటర్ల కడ్డీలు ఎనిమిది వేయాలా, 8 మిల్లీమీటర్లవి పదహారు వేయాలా అన్నది ఆ చిన్న గుర్తు ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడుతుంది.

తెలుగు రాసేవాళ్లకు ఇంకో బాధ. ఊరి పేర్లు, చెరువు పేర్లు, హద్దుదారుల పేర్లు డ్రాయింగులో తెలుగులో ఉండటం మన అవసరం. చాలా ఏళ్లు ఆ పని అను ఫాంటులతో సాగింది. అవి యూనికోడ్ కావు. ఫైలులో నిజంగా ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు, ఆ ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేని చోట ‘మహదేవపూర్’ అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల కుప్పగా మారుతుంది. పాత డ్రాయింగులను కొత్త ఇంటికి తీసుకుపోయేటప్పుడే ఆ పేర్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం మేలు. విండోస్‌లో దొరికే గౌతమి, నిర్మల ఫాంటులు దీనికి సరిపోతాయి. అయినా ఒత్తులు, గుణింతాలు కలిసే పదాలతో ముందు పరీక్ష చేయాలి. కొన్ని ప్రోగ్రాములు ఒత్తును అక్షరం కింద పెట్టకుండా పక్కన పెడతాయి. ‘ముక్తేశ్వర’, ‘అన్నారం’, ‘మేడిగడ్డ’, ‘కన్నెపల్లి’ అని నాలుగు పేర్లు టైపు చేసి, ప్రింటు తీసి చూస్తే చాలు. తెర మీద బాగుండి ప్రింటులో విడిపోవడం కూడా ఉంటుంది కాబట్టి కాగితం చూసే నిర్ణయించుకోవాలి.

కనిపించని సామాను

ఇల్లు మారేటప్పుడు మంచాలు, బీరువాలు గుర్తుంటాయి. అటక మీద సామాను చివర్లో గుర్తొస్తుంది. ఆఫీసులో అలాంటి అటక సామాను ఏళ్ల తరబడి పోగైన సొంత ఏర్పాట్లు.

వాటిలో ముఖ్యమైనవి లిస్ప్ ప్రోగ్రాములు. ఆటోక్యాడ్‌కు మనకు కావలసిన కొత్త పనులు నేర్పడానికి 1986లో ఆటోలిస్ప్ అనే భాష వచ్చింది. ప్లాటు వైశాల్యాన్ని గజాల్లో లెక్కగట్టి బొమ్మ మీద రాసేది, మెట్లు ఒకేసారి గీసేది, తలుపులు కిటికీల పట్టిక తయారుచేసేది. ఇలాంటివి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చి ఉంటాయి. ఎవరు రాశారో కూడా ఇప్పుడు తెలియకపోవచ్చు. ఆటోక్యాడ్‌కు దగ్గరి చుట్టాలైన ప్రోగ్రాముల్లో లిస్ప్ చాలావరకు నడుస్తుంది. అన్నీ నడుస్తాయని హామీ లేదు. ఏఆర్‌ఎక్స్ రకం అనుబంధాలు మాత్రం నేరుగా నడవవు, వాటిని కొత్త ప్రోగ్రాము కోసం మళ్లీ తయారుచేయాలి. కాబట్టి రోజూ వాడే లిస్ప్‌లేవో ముందు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే నడిపి చూడాలి. నడిచిందని సంతోషించి వదిలేయకుండా, జవాబు పాతదానితో సరిపోయిందో లేదో కూడా చూడాలి.

బ్లాకుల్లోనూ ఇదే సంగతి. పట్టుకుని లాగితే మూడడుగుల తలుపు నాలుగడుగులయ్యే తెలివైన బ్లాకులు కొన్ని ప్రోగ్రాముల్లో కనిపిస్తాయి గానీ లాగితే కదలవు. ప్రింటులో ఏ రంగు ఎంత మందంగా పడాలో చెప్పే ప్లాట్ స్టైల్ ఫైలు డ్రాయింగులో ఉండదు, విడిగా ఉంటుంది. దాన్ని తీసుకుపోకపోతే గోడ గీత, కొలత గీత ఒకే మందంలో పడి ప్లాను చదవడం కష్టమవుతుంది. ఎక్స్‌రెఫ్ అంటే ఒక డ్రాయింగు ఇంకో డ్రాయింగును పిలుచుకోవడం. ఫోల్డర్ల పేర్లు మారితే ఆ పిలుపు అందదు, సగం బొమ్మ మాయమవుతుంది.

గేట్లు, గ్రిల్లులకు సీఎన్‌సీ కటింగ్ చేసే దుకాణాలకు పంపే డీఎక్స్‌ఎఫ్‌లో వంపులను చూసుకోవాలి. ఎగుమతి చేసేటప్పుడు గుండ్రటి వంపు చిన్న చిన్న సరళ గీతలుగా ముక్కలైపోవచ్చు. తెర మీద తేడా తెలియదు. రేకు మీద అంచు గరుకుగా తెగుతుంది.

మూడు కొలతల నమూనాల దగ్గర నష్టం మరీ ఎక్కువ. పంపు భాగాన్నో యంత్ర భాగాన్నో అలాంటి ప్రోగ్రాములో గీస్తే, ఏ క్రమంలో చేశామో ఆ చరిత్రంతా ఫైలులో ఉంటుంది. రంధ్రం వ్యాసం మారిస్తే మిగతాదంతా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. స్టెప్ అనే అంతర్జాతీయ ప్రామాణిక లిపిలోకి మార్చి పంపితే ఆకారం భద్రంగా చేరుతుంది, చరిత్ర మాత్రం చేరదు. ఆకారమే చాలా, ఆ చరిత్ర కూడా కావాలా అన్నది మారేముందే తేల్చుకోవాలి. భవనాలకైతే ఐఎఫ్‌సీ అనే ప్రామాణిక లిపి ఉంది. గోడను గోడగా, తలుపును తలుపుగా గుర్తుపెట్టుకునేలా దాన్ని రూపొందించారు.

తీగ పొడవు చాలని విమానం

పెద్ద కంపెనీలకు ఇవన్నీ తెలియవా అనిపించవచ్చు. ఎయిర్‌బస్ ఎ380 కథ చూద్దాం. రెండంతస్తుల ఆ మహా విమానాన్ని జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, స్పెయిన్‌లలో ముక్కలుగా తయారుచేసి ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో కలిపేవారు. ఒక్కో విమానంలో దాదాపు 500 కిలోమీటర్ల కరెంటు తీగలుంటాయి. జర్మనీలోని హాంబర్గ్ వాళ్లు కటియా అనే ప్రోగ్రాము నాలుగో వెర్షన్ వాడారు. టులూజ్ వాళ్లు ఐదో వెర్షన్‌కు మారారు. పేరు ఒకటే, కంపెనీ ఒకటే. కానీ రెండు వెర్షన్ల మధ్య డ్రాయింగుల సమాచారం పూర్తిగా కలవలేదు. తీగల కట్టలను తీసుకొచ్చి విమానంలో అమర్చబోతే పొడవు చాలలేదు. ఈ తీగల చిక్కు ప్రధాన కారణంగా 2006లో ఎయిర్‌బస్ ఆలస్యాలు ప్రకటించింది. మొత్తం మీద కార్యక్రమం దాదాపు రెండేళ్లు వెనకబడింది. తొలి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు చేరేసరికి 2007 అక్టోబర్ అయింది.

ఇందులో చిన్న ఆఫీసుకు పనికొచ్చే మాట ఒకటుంది. పాత ప్రోగ్రాము చెడ్డదని ఈ నష్టం రాలేదు, కొత్తది చెడ్డదనీ రాలేదు. ఒకే పనిని సగం మంది పాతదానిలో, సగం మంది కొత్తదానిలో చేస్తూ, మధ్యలో సరిపోల్చి చూసుకోకపోవడం వల్ల వచ్చింది. ఇద్దరు పనిచేసే ఆఫీసులోనూ ఒకరు పాతదానిలో గోడలు గీసి ఇంకొకరు కొత్తదానిలో కడ్డీలు గీస్తే అదే ముప్పు.

అనుమతి పోర్టల్ ఏమంటుంది

మన రాష్ట్రంలో పట్టణాల్లో ఇంటి అనుమతులకు 2020 నవంబర్‌లో బీపాస్ అనే ఆన్‌లైన్ విధానం మొదలైంది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి నమోదు చాలన్నారు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి అన్నారు. అంతకుమించినవాటికి ఏకగవాక్ష పద్ధతి పెట్టారు. డ్రాయింగును కంప్యూటరే పరిశీలించే చోట మనిషి కన్ను చేసే సర్దుబాటు ఉండదు. ప్లాటు హద్దు ఏ లేయరులో ఉండాలో, సెట్‌బ్యాక్ ఎలా చూపాలో నియమం ఉంటుంది. హద్దు గీత ఎక్కడైనా వెంట్రుకవాసి తెరుచుకుని ఉన్నా అది మూసిన ఆకారం కాదు కాబట్టి వైశాల్యం రాదు.

కాబట్టి కొత్త ప్రోగ్రాము కొనేముందు పోర్టల్ ఏ రకం ఫైలు, ఏ తరం అడుగుతోందో చూడాలి. లేయర్లు అమర్చడానికి ఇచ్చే అనుబంధం కొత్త ప్రోగ్రాములో నడుస్తుందో లేదో తెలుసుకోవాలి. చాలా ప్రోగ్రాములు కొనేముందు కొన్నాళ్లు పరీక్షించుకునే అవకాశమిస్తాయి. ఆ రోజుల్లోనే ఒక పాత ప్లానును మొదటినుంచి చివరిదాకా నడిపి చూడటం ఉత్తమం. ఆఖరి మెట్టు మీద ఆగిపోయే ప్రోగ్రాము ఎంత చవకైనా ఖరీదైనదే.

మారే క్రమం

ఒక ఆఫీసు మారాలనుకుంటే పని ఈ వరసలో సాగితే నెమ్మదిగానైనా భద్రంగా సాగుతుంది.

ముందు పాత ఫైళ్లన్నిటినీ విడిగా ఒక డిస్కులో కాపీ చేసి పక్కన పెట్టాలి. ఆ డిస్కును ఎవరూ ముట్టుకోవద్దు. తర్వాత పది డ్రాయింగులు ఎంచాలి. తేలికైనవి ఎంచితే పరీక్ష కాదు. తెలుగు అక్షరాలున్నది, పెద్ద అంకెల లేఅవుటు, ఎక్స్‌రెఫ్‌లున్నది, కడ్డీల వివరాలున్నది, పదేళ్ల కిందటిది, ఇలా ఇబ్బంది పెట్టగల రకాలే ఎంచాలి.

ఆ పదింటినీ కొత్తదానిలో తెరిచి, మళ్లీ సేవ్ చేసి, తిరిగి పాతదానిలో తెరవాలి. పాతదాన్ని ఎరుపులో, తిరిగొచ్చినదాన్ని ఆకుపచ్చలో ఒకదాని మీద ఒకటి పరిస్తే ఎక్కడ జరిగిందో కంటికే కనిపిస్తుంది. లేయర్ల లెక్క, బ్లాకుల లెక్క, మూడు నాలుగు గదుల వైశాల్యాలు రాసుకుని సరిపోల్చాలి. రెంటి నుంచీ ఒకే స్కేలులో ప్రింటు తీసి స్కేలు బద్దతో కొలవాలి. కాగితం మీద కొలత కలిస్తేనే ముందుకు పోవాలి.

నడుస్తున్న పనిని మధ్యలో మార్చవద్దు. పాతదానిలో మొదలైన ఇల్లు పాతదానిలోనే పూర్తవ్వాలి. కొత్తగా వచ్చిన పనే కొత్తదానిలో మొదలవ్వాలి. పాత లైసెన్సు ఒకటి కొన్ని నెలలు ఉంచుకోవడం దండగ కాదు. అది బీమా లాంటిది.

గీసేవాళ్ల చేతుల గురించి కూడా ఆలోచించాలి. పదిహేనేళ్లుగా ఎల్ నొక్కితే గీత, టీఆర్ నొక్కితే కత్తిరింపు అని వేళ్లకు అలవాటైన మనిషికి ఆ అలవాటే ఆస్తి. ఒకే కుటుంబపు ప్రోగ్రాముల్లో ఆ పొట్టి ఆదేశాలు చాలావరకు అవే పనిచేస్తాయి, పనిచేయనివాటిని పాతవాటిలా అమర్చుకోవచ్చు. ఫ్రీక్యాడ్ లాంటిదానికి మారితే ఆలోచనే మార్చుకోవాలి. అక్కడ గీత గీసి కొలత వేయడం కాదు, కొలత నియమం పెట్టి ఆకారాన్ని దానికి కట్టుబడేలా చేయడం పద్ధతి. మొదటి నెలలో పని మందగిస్తుంది. ఆ నెలలో తక్కువ పని ఒప్పుకోవడం, వయసులో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌ను ‘నీకు రాదు’ అనకపోవడం యజమాని బాధ్యత. పాత డ్రాయింగుల్లో ఏ అంకె అడుగులో, ఏ అంకె మీటర్లో అతని మనసులోనే ఉంది. దాన్ని కాగితం మీదికి ఎక్కించేది అతనే.

ప్రోగ్రాము కన్నా ఎక్కువ కాలం బతికేది

కాళేశ్వరం నుంచి గోదావరి వెంట కిందికి పోతే మేడిగడ్డ బ్యారేజీ వస్తుంది. ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా పొడవు, 85 గేట్లు, ఎనిమిది బ్లాకులు. 2016లో పని మొదలై 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ఎందుకు కుంగాయన్నది ఈ వ్యాసం విషయం కాదు. తర్వాత జరిగిన ఒక సంగతి మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి. కేంద్రం నుంచి వచ్చిన డ్యామ్ భద్రత నిపుణులు నిర్మాణాన్ని చూసి ఊరుకోలేదు, దాని కాగితాలు కూడా అడిగారు. పునాది కింద ఏముంది, ఏ లోతున ఏముంది, గీసింది ఏమిటి, కట్టింది ఏమిటి అని తెలుసుకోవాలంటే డ్రాయింగులు చేతికి రావాలి.

బ్యారేజీని తరాల కోసం కడతాం. ఇల్లు కూడా మనవళ్ల దాకా ఉంటుంది. ములుగు వైపు రామప్ప గుడి పదమూడో శతాబ్ది నుంచి నిలబడే ఉంది, ఆ కాలపు చెరువుల కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. కంప్యూటర్ ప్రోగ్రాము ఆయుష్షు వాటితో పోల్చదగ్గది కాదు. కంపెనీలు చేతులు మారతాయి, ఉచితం ఖరీదవుతుంది, లిపి తరం మారుతుంది. కట్టినదాని వయసుకు తగ్గట్టు డ్రాయింగును దాచాలి తప్ప ప్రోగ్రాము వయసుకు తగ్గట్టు కాదు. అందుకని పని ముగిసిన ప్రతి డ్రాయింగునూ మూడు రూపాల్లో ఉంచండి. మార్చుకోవడానికి డీడబ్ల్యూజీ, ఏ ప్రోగ్రామైనా చదవడానికి డీఎక్స్‌ఎఫ్, మనిషి కన్ను చదవడానికి పీడీఎఫ్. కొలమానం ఏమిటో, సున్నా బిందువు ఎక్కడో, ఏ రోజు గీశారో డ్రాయింగు మూలన పెట్టెలో మాటల్లో రాయండి. ఇంటి యజమానికి ప్రింటుతో పాటు ఆ ఫైళ్లు కూడా ఇవ్వండి. అది ఆయన ఇల్లు, ఆయన కొలత.

ముగ్గు పోసిన స్థలంలో సుతారి మేస్త్రీ ప్లాను చేత పట్టుకుని నిలబడతాడు. దాన్ని ఏ ప్రోగ్రాములో గీశారని ఆయన అడగడు. పది అడుగులని ఉంటే పది అడుగులకే దారం కడతాడు. ఆయన నమ్మకం ఆ అంకె మీద ఉంటుంది. ఆ అంకె మారలేదని తేల్చుకున్నాకే పాత ప్రోగ్రామును మూసేద్దాం.